జాక్ లెస్లీ పేరు ఇంగ్లండ్ జట్టులోంచి ఎందుకు పోయింది?

మీ కాలేజీ పత్రికకు రాస్తున్న వ్యాసం కోసం మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. 1925లో ప్లిమత్ ఆర్గైల్ క్లబ్ ఆటగాడు జాక్ లెస్లీని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు ఎంపిక చేసి, తర్వాత తప్పించింది ఒంటి రంగు చూసేనా అన్నది మొదటిది. అందుకు కాగితం మీద రుజువు లేదంటున్నారు కదా, మూడో డివిజన్ ఆటగాడని వద్దనుకున్నారేమో, లేకపోతే పత్రికలవాళ్లే పొరపాటున పేరు వేశారేమో అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు అవును. రెండోదానికి వివరంగా చెప్పాలి. నేను చాలా ఏళ్లు పత్రికలో స్పోర్ట్స్ డెస్కు చూశాను. సెలక్షన్ కమిటీలు జాబితాలు ఎలా విడుదల చేస్తాయో, రాత్రికి రాత్రి పేర్లు ఎలా మారతాయో, ఎందుకు మారాయని అడిగితే ఎలాంటి జవాబులు వస్తాయో దగ్గర నుంచి చూసినవాణ్ని. అందుకే ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టి లాగేది ఆ జాబితా.

ముందు మనిషి ఎవరో చూద్దాం. జాక్ లెస్లీ 1901లో తూర్పు లండన్ రేవుల పక్కనున్న క్యానింగ్ టౌన్‌లో పుట్టాడు. తండ్రి జమైకా నుంచి వచ్చిన కార్మికుడు, తల్లి ఇంగ్లండ్ మనిషి. కుర్రాడు బాయిలర్ తయారీ పని నేర్చుకున్నాడు, బార్కింగ్ టౌన్ అనే చిన్న క్లబ్బులో గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. 1921లో ప్లిమత్ ఆర్గైల్ అతన్ని తీసుకుంది. ఆడే స్థానం ఇన్‌సైడ్ లెఫ్ట్. అంటే ఆ రోజుల్లో ఎడమ వింగర్‌కీ సెంటర్ ఫార్వర్డ్‌కీ మధ్య ఆడుతూ, బంతి అందించడం, గోల్ కొట్టడం రెండూ చేయాల్సిన చోటు. ఎడమ వింగ్‌లో శామీ బ్లాక్ ఉండేవాడు, ఆ క్లబ్ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు. వీళ్లిద్దరి జోడీ గురించి ప్లిమత్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1934 వరకూ సాగిన ఆ ప్రయాణంలో లెస్లీ 401 మ్యాచ్‌లు ఆడి 137 గోల్స్ కొట్టాడు.

ఆర్గైల్ మూడో డివిజన్‌లో ఉండిపోయిందంటే జట్టు బలహీనమైనదని అనుకోకండి. ఆ రోజుల్లో మూడో డివిజన్ దక్షిణ విభాగం నుంచి మొదటి స్థానంలో నిలిచిన ఒక్క జట్టే పైకి వెళ్లేది. ఆర్గైల్ 1922 నుంచి 1927 వరకూ వరసగా ఆరు సీజన్లు రెండో స్థానంలో ఆగిపోయింది. ఆరేళ్లు వరసగా ఒక్క మెట్టు తేడాతో తప్పిపోయిన జట్టు అది. చివరికి 1930లో ఛాంపియన్‌గా పైకి వెళ్లింది, అప్పటికీ లెస్లీ జట్టులో ఉన్నాడు.

ఇక కాలం సంగతి. 1919లో లండన్ రేవు ప్రాంతాలు, లివర్‌పూల్, కార్డిఫ్ వంటి ఓడరేవు ఊళ్లలో నల్లజాతి నావికుల మీద, వాళ్ల ఇళ్ల మీద తెల్లజాతి మూకలు దాడులు చేశాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పనులు లేవు, ఆ కోపం రంగున్నవాళ్ల మీదకు మళ్లింది. లివర్‌పూల్‌లో చార్ల్స్ వూటన్ అనే యువకుణ్ని మూక తరిమితే రేవు నీళ్లలో పడి చచ్చిపోయాడు. తర్వాత సరిగ్గా 1925లోనే బ్రిటిష్ ప్రభుత్వం రంగున్న విదేశీ నావికుల కోసం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. బ్రిటిష్ పౌరులమని కాగితాలు చూపించలేని నావికులు పోలీసుల దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. మన దేశం నుంచి వెళ్లి ఓడల్లో పనిచేసినవాళ్లు, అంటే చట్ట ప్రకారం బ్రిటిష్ ప్రజలే, వాళ్లు కూడా ఆ ఉత్తర్వు కింద నలిగారు. క్యానింగ్ టౌన్ కుర్రాడి పేరు ఇంగ్లండ్ జట్టులో కనిపించి మాయమైంది ఆ ఏడాదే. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

అప్పట్లో ఇంగ్లండ్ జట్టుకు మేనేజర్ అంటూ ఎవరూ లేరు. ఆ పదవి 1946లో గానీ రాలేదు, వచ్చాక కూడా చాలాకాలం ఆటగాళ్లను ఎంచింది కమిటీయే. ఫుట్‌బాల్ సంఘం పెద్దలు ఒక గదిలో కూర్చుని, తమ తమ ప్రాంతాల నుంచి వచ్చిన కబుర్లను బట్టి, తాము చూసిన మ్యాచ్‌లను బట్టి పేర్లు తేల్చేవారు. టీవీ లేదు. లండన్ నుంచి ప్లిమత్ దూరం. పెద్ద క్లబ్బుల ఆటగాణ్ని అందరూ చూసుంటారు, నైరుతి మూలనున్న చిన్న క్లబ్ ఆటగాణ్ని కమిటీలో కొందరే చూసుంటారు. ఒకాయన చూసొచ్చి బాగా ఆడుతున్నాడని చెప్తే మిగతావాళ్లు తలూపడం అలాంటి గదుల్లో మామూలే.

1925 అక్టోబరు మొదటి వారంలో, బెల్‌ఫాస్ట్‌లో ఐర్లండ్‌తో జరగబోయే మ్యాచ్‌కు ఆ కమిటీ కూర్చుంది. మర్నాడు వచ్చిన పత్రికల్లో లెస్లీ పేరు రిజర్వ్‌గా, అంటే మొదటి పదకొండులో ఎవరైనా ఆడలేకపోతే బదులు దిగే ఆటగాడిగా ఉంది. ఆర్గైల్ మేనేజర్ బాబ్ జాక్ అతన్ని తన గదికి పిలిచి, నిన్ను ఇంగ్లండ్‌కు ఎంపిక చేశారని స్వయంగా చెప్పాడు. ఊరంతా అదే మాట. అంత చిన్న క్లబ్ నుంచి ఇంగ్లండ్ పిలుపు అందుకోవడం అప్పట్లో ఎంత గొప్పో లెస్లీ ముసలితనంలో ఒక పాత్రికేయుడికి చెప్పుకున్నాడు. ఆ తర్వాత జరిగింది కూడా ఆయనే చెప్పాడు. ఉన్నట్టుండి అందరూ ఆ మాట ఎత్తడం మానేశారు. ఎవరూ కళ్లలోకి చూడటం లేదు. పత్రికల్లో జట్టు మళ్లీ వచ్చేసరికి తన పేరు లేదు. తనూ నోరు తెరిచి అడగలేదు, ఎందుకంటే వాళ్ల మొహాల్లో ఇబ్బంది కనిపిస్తోంది. సంఘంవాళ్లు మళ్లీ చూడటానికి వచ్చారని, ఈసారి చూసింది ఆటను కాదు, మొహాన్ని అని ఆ నోటా ఈ నోటా తెలిసింది. తన తండ్రి ఎవరో వాకబు చేశారు, అంతటితో అయిపోయింది. అధికారికంగా ఎవరూ ఏమీ చెప్పలేదనీ, కానీ తన క్యాప్ (దేశం తరఫున ఆడినవాళ్లకిచ్చే గుర్తు టోపీ) లాక్కోవడానికి ఇంకే కారణమూ లేదనీ ఆయన అన్నాడు. తాను రంగున్న కుర్రాణ్నని వాళ్లు మర్చిపోయినట్టున్నారు అని మరో మాట కూడా.

ఆయన చెప్పినదాంట్లో ఒక చిన్న తేడా ఉంది, అది దాచడం మంచిది కాదు. తన స్థానంలో ఆస్టన్ విల్లా ఆటగాడు బిల్లీ వాకర్ వచ్చాడని ఆయన గుర్తు. వాకర్ అప్పటికే పెద్ద పేరున్నవాడు, బెల్‌ఫాస్ట్‌లో ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా ఆడింది అతనే. కానీ పత్రికల్లో లెస్లీ పేరొచ్చింది రిజర్వ్‌గా కాబట్టి, నిజానికి పోయింది ఆ రిజర్వ్ స్థానం. 50 ఏళ్లు దాటాక చెప్పిన మాటలో ఇంత తేడా ఉండటం సహజం. కొందరు ఈ తేడా పట్టుకుని మొత్తం కథే అబద్ధమంటారు. అది అన్యాయం. వాకర్‌కు మొదటి పదకొండులో చోటివ్వడానికి ఆటే కారణం కావచ్చు. రిజర్వ్‌గా వేసిన పేరును కొట్టేయడానికి మాత్రం ఆటలో కారణం కనిపించదు. వారం తిరక్కుండా ఎవరూ ఆట మర్చిపోరు.

ఇక పత్రికల పొరపాటు వాదన. అప్పుడు స్థానిక పత్రికలో వచ్చిన వివరణ కూడా అదే: లండన్‌లో ఎక్కడో తప్పు జరిగి ఆ పేరు అందరికీ వచ్చిందని, లెస్లీ పేరు పరిశీలనలో ఉన్న మాట మాత్రం నిజమేనని. డెస్కు మీద పనిచేసినవాడిగా దీన్ని నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. జాబితాల్లో తప్పులు పడతాయి, కాదనను. పడినప్పుడు దగ్గర దగ్గర పేర్లే తారుమారవుతాయి, ఒకే క్లబ్‌లో ఇద్దరుంటే ఒకరి బదులు ఇంకొకరు పడతారు, ఇనిషియల్ మారుతుంది. ఎవరూ ఊహించని మూడో డివిజన్ క్లబ్ నుంచి ఒక ఆటగాడి పేరు, క్లబ్ పేరుతో సహా, ఎక్కడి నుంచో ఊడిపడి ఇన్ని పత్రికల్లో ఒకేలా అచ్చవడం పొరపాటు తీరు కాదు. ఆ గదిలో ఎవరో ఆ పేరు పలికారు, ఎవరో రాసుకున్నారు. తర్వాత ఎవరో కొట్టేశారు.

మూడో డివిజన్ కాబట్టి అనే మాట ఇంకా బలహీనమైనది. అదే 1925 ఫిబ్రవరిలో బ్రైటన్ ఆటగాడు టామీ కుక్ ఇంగ్లండ్‌కు ఆడాడు. బ్రైటన్ కూడా ఆర్గైల్ ఉన్న డివిజన్‌లోనే ఉంది. ఆర్గైల్‌ను బయటివాళ్లు ఎవరూ చూడలేదనడానికీ లేదు. ఆ క్లబ్‌లోనే లెస్లీతో కలిసి ఆడిన డిఫెండర్ మోజెస్ రసెల్ వేల్స్ జాతీయ జట్టుకు ఎన్నోసార్లు ఆడాడు.

అక్టోబరు 24న బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్, ఐర్లండ్ 0-0తో ముగించాయి. ఇంగ్లండ్‌కు ఒక్క గోల్ కూడా రాలేదు. అదే మధ్యాహ్నం ప్లిమత్‌లోని హోమ్ పార్క్‌లో ఆర్గైల్ 7-2తో బోర్న్‌మత్‌ను ఓడించింది. వాటిలో లెస్లీ గోల్స్ ఉన్నాయి. గోల్ కొట్టడాన్ని కష్టం చేసే ఆఫ్‌సైడ్ నిబంధనను ఆ వేసవిలోనే సడలించారు, ఆ సీజన్‌లో దేశమంతటా గోల్స్ పెరిగాయి. అయినా సొంత ప్రేక్షకుల ముందు ఆ రోజు అతను ఏ మనసుతో ఆడి ఉంటాడో ఆలోచించకుండా ఆ స్కోరు చదవలేను.

నా దృష్టిలో అసలు రుజువు ఆ తర్వాతి కాలంలో ఉంది. ఒకసారి పొరపాటు జరిగిందే అనుకుందాం. పరిశీలనలో ఉన్నాడని వాళ్ల మాటే కదా. అప్పుడతని వయసు 24. ఆటగాడికి మంచి కాలమంతా ముందే ఉంది. జట్టు 1930 వరకూ ఏటా పట్టికలో పైభాగంలోనే ఉంది, అతను గోల్స్ కొడుతూనే ఉన్నాడు, రెండో డివిజన్‌కూ వెళ్లాడు. అన్నేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా ఇంగ్లండ్ జాబితాలో అతని పేరు రాలేదు. తప్పించినందుకు కారణం కాగితం మీద లేకపోవచ్చు. ఆ తర్వాత అన్నేళ్లు తలుపు మూసి ఉంచినందుకు ఏ కారణం చెప్తారు?

అప్పటి బ్రిటన్‌లో నల్లజాతి ఆటగాడు జాతీయ జట్టుకు ఆడటం ఎవరి ఊహకూ అందనిది కాదు. 1881లోనే ఆండ్రూ వాట్సన్ స్కాట్లండ్ కెప్టెన్‌గా లండన్ వచ్చి ఇంగ్లండ్‌ను 6-1తో ఓడించాడు. వాట్సన్ బ్రిటిష్ గయానాలో పుట్టాడు, తండ్రి స్కాట్లండ్ మూలాలున్న ధనవంతుడు, మంచి స్కూళ్లలో చదువుకున్నాడు, డబ్బు తీసుకోకుండా ఆడే పెద్దమనుషుల కాలం అది. లెస్లీకి వెనక ఆస్తి లేదు, రేవు వీధి పిల్లవాడు, ఆడి జీతం తీసుకునేవాడు. రంగుకు తరగతి తోడైతే తలుపు ఎంత గట్టిగా మూసుకుంటుందో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. లెస్లీ ఇంకా ఆడుతుండగానే 1931లో ఎడ్డీ పారిస్ అనే నల్లజాతి వింగర్ వేల్స్‌కు ఆడాడు, ఆ ఒక్క మ్యాచే, అదీ బెల్‌ఫాస్ట్‌లోనే. స్కాట్లండ్ చేసింది, వేల్స్ చేసింది. ఇంగ్లండ్ చేయలేదు.

మీ ప్రశ్నలో రుజువు అనే మాట పదే పదే వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి. మైదానంలో, స్టాండ్లలో కనిపించే వివక్షకు ఆనవాళ్లు మిగులుతాయి. లెస్లీని ప్రత్యర్థులు రంగు పేరుతో పిలిచి కాలు విరగ్గొడతామని బెదిరించేవారు, ఆయనే చెప్పాడు. అందులో దుర్మార్గమేమీ లేదు, రెచ్చగొట్టడానికి అనేవారంతే అని కూడా అన్నాడు. అంత సహనం నాకైతే లేదు. తర్వాతి తరంలో వెస్ట్‌హామ్‌కు ఆడిన బెర్ముడా ఆటగాడు క్లైడ్ బెస్ట్‌కు, మైదానంలోకి వచ్చేటప్పుడు మొహాన యాసిడ్ పోస్తామని ఉత్తరం వచ్చింది. 1982లో ఇంగ్లండ్‌కు ఎంపికైన సిరిల్ రెజిస్‌కు ఎవరో పోస్టులో తుపాకీ గుండు పంపారు, వెంబ్లీలో అడుగుపెడితే ఇలాంటిదే మోకాల్లో దిగుతుందని రాసి. ఆ ఉత్తరం, ఆ గుండు చేతిలో పెట్టుకుని చూపించొచ్చు. కమిటీ గదిలో జరిగే వివక్ష అలా ఉండదు. అక్కడ ఎవరూ అరవరు. మర్యాదగా ఒక పేరు బదులు ఇంకో పేరు రాస్తారు, మినిట్స్‌లో చివరి జాబితా ఒక్కటే ఉంటుంది. ఇతను నల్లవాడు కాబట్టి వద్దు అని సంతకం పెట్టి దాచుకునే కమిటీ ఉండదు. అలాంటి కాగితం దొరికితేనే నమ్ముతామంటే, గదుల్లో జరిగిన ఏ అన్యాయాన్నీ ఎప్పటికీ నమ్మనవసరం లేదన్నట్టే. చుట్టూ ఉన్న ఆధారాలు కలిపి చూడాలి. పేరు వచ్చింది. పోయింది. సంఘం కారణం చెప్పలేదు. అదే డివిజన్ నుంచి తెల్ల ఆటగాడు వెళ్లాడు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. ఆ మనిషికి మాత్రం కారణం తెలుసు. ఇంతకన్నా ఎక్కువ ఆధారం ఎవరు అడిగినా, వాళ్లు ఎందుకు అడుగుతున్నారో నేను తిరిగి అడుగుతాను.

ఆట మానేశాక ఆయన మళ్లీ బాయిలర్ల పనికే వెళ్లాడు. బంతికి ఉండే తోలు లేసు కంటికి తగిలి దెబ్బతినడం కూడా ఆట ముగియడానికి ఒక కారణం. పని నుంచి రిటైరయ్యాక, 1960ల్లో, వెస్ట్‌హామ్ క్లబ్‌లో బూట్లు శుభ్రం చేసే పనిలో చేరాడు. బాబీ మూర్, జెఫ్ హర్స్ట్ లాంటి ప్రపంచకప్ విజేతల బూట్లు, క్లైడ్ బెస్ట్ బూట్లు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. ఇంగ్లండ్ క్యాప్ దక్కనివాడు ఇంగ్లండ్ ఆటగాళ్ల బూట్లు తుడిచాడు అని దీన్ని జాలి కథగా చాలామంది రాస్తారు. మీరు అలా రాయకండి. ఆయనకు ఆ పని ఇష్టం, ఫుట్‌బాల్ మధ్య ఉండటం ఇష్టం. అవమానం బూట్ల గదిలో జరగలేదు, కమిటీ గదిలో జరిగింది.

అక్కడే ఒక విషయం నన్ను ఆపేస్తుంది. ఆయన వెస్ట్‌హామ్‌లో చేరినప్పుడు మేనేజర్ రాన్ గ్రీన్‌వుడ్. అదే గ్రీన్‌వుడ్ 1977లో ఇంగ్లండ్ మేనేజర్ అయ్యాడు. 1978 నవంబరు 29న వెంబ్లీలో చెకోస్లొవేకియాతో మ్యాచ్‌కు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ డిఫెండర్ వివ్ ఆండర్సన్‌ను ఆడించాడు. సీనియర్ ఇంగ్లండ్ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆండర్సన్. ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. 1925 నుంచి లెక్కేస్తే 53 ఏళ్లు. కమిటీ ఒక మనిషి పేరు కొట్టేసినప్పుడు పోయింది అతని క్యాప్ ఒక్కటే కాదు. బెల్‌ఫాస్ట్‌కు లెస్లీ వెళ్లి ఉంటే, 1930లు, 40లు, 50ల్లో ఇంగ్లండ్ వీధుల్లో ఆడుకున్న నల్లపిల్లలకు మాకూ ఆ చొక్కా దొరుకుతుందని చెప్పడానికి ఒక పేరు ఉండేది. వాళ్లలో ఎంతమంది అసలు ప్రయత్నమే చేయకుండా ఆగిపోయారో ఏ రికార్డు పుస్తకమూ చెప్పదు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది ఇదే.

లెస్లీ 1988లో చనిపోయాడు. అంటే ఆండర్సన్ ఆడటం చూశాడు, జాన్ బార్న్స్ బ్రెజిల్ మీద మరకానాలో కొట్టిన గోల్ కాలమూ చూశాడు. ఆయన పేరు మీద అభిమానులు చందాలు పోగుచేసి పెట్టించిన విగ్రహాన్ని 2022 అక్టోబరులో హోమ్ పార్క్ బయట ఆవిష్కరించారు. 2023 మార్చి 26న వెంబ్లీలో ఉక్రెయిన్‌తో మ్యాచ్ సందర్భంగా ఫుట్‌బాల్ సంఘం గౌరవ క్యాప్‌ను ఆయన మనవరాళ్లకు అందించింది. సంఘం తనంతట తాను గుర్తు తెచ్చుకుని చేసిన పని కాదది. కుటుంబం, ప్లిమత్ అభిమానులు పట్టువదలకుండా అడిగితే వచ్చింది. వ్యాసంలో ఆ మాట తప్పకుండా చేర్చండి.

ఇక రాసేటప్పుడు ఒక జాగ్రత్త. గౌరవ క్యాప్ వచ్చింది కాబట్టి ఇంగ్లండ్‌కు ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు లెస్లీ అని కొన్నిచోట్ల రాసేస్తున్నారు, అది తప్పు. ఆడిన మొదటివాడు వివ్ ఆండర్సన్, ఆ ఘనత ఆయనదే, దాని కోసం ఆయన ప్రేక్షకుల నుంచి పడ్డ తిట్లు తక్కువేమీ కాదు. ఎంపికైన మొదటివాడు జాక్ లెస్లీ. వ్యాసంలో ఈ రెండు వాక్యాలూ విడివిడిగా రాయండి, రెండోదాని పక్కన ఎందుకు ఆడలేదో కూడా రాయండి. ఆరోపణ అనో, అంటారు అనో మెత్తబరచొద్దు.